రాజు చెంత యాభై యేండ్లు

మహాభారతంలో విరాటపర్వం చదివినవారికి ధౌమ్యుని బోధ గుర్తుండే ఉంటుంది. పాండవులు అజ్ఞాతవాసానికి బయలుదేరబోతున్నారు. అవి ఆయుధాలు పట్టిన చేతులు. ఇక ఏడాది పాటు ఆ చేతులతోనే ఒకరు గరిటె తిప్పవలె, ఒకరు గుర్రాలను సాకవలె, ఒకరు అంతఃపుర కన్యలకు నాట్యం నేర్పవలె. ధర్మరాజంతటివాడు మరొక రాజు ఎదుట కూర్చుండి పాచికలు వేయవలె. యుద్ధం చేయడం వారికి ఒకరు నేర్పనక్కరలేదు. రాజు ఇంట ఉద్యోగం చేయడం మాత్రం నేర్పవలసి వచ్చినది. నేర్పినవాడు పురోహితుడైన ధౌమ్యుడు. తిక్కన సోమయాజి ఆ ఘట్టాన్ని తెలుగు చేసిన నాటి నుండి మన దేశంలో కొలువు చేసినవారు దానిని తమ పాఠ్యగ్రంథంగానే భావించినారు.

ఆ బోధ సారం కొద్దిమాటలలో చెప్పవచ్చు. అడుగనిదే రాజుకు సలహా చెప్పరాదు. ఆయన ఆదరించినాడు కదా అని ఆయన ఆసనాన్ని, వాహనాన్ని తనవిగా భావించరాదు. లోపలి మాట వెలుపల పొక్కనీయరాదు. ప్రియమైన మాట, హితమైన మాట రెండూ ఎదురుగా ఉన్నప్పుడు హితమే చెప్పవలె. వినడానికి ఇవి సులభంగానే ఉంటవి. ఇరువది మందిలో ఒకడైనా వీటిని జీవితాంతం నిలుపుకొన్నాడా అంటే చెప్పడం కష్టం.

ఈ నెల పాఠానికి ఉదాహరణను మన పురాణాల నుండి కాక ఇంగ్లండు రాజగృహం నుండి తీసికొంటున్నాను. కారణం ఒకటే. పూర్వం మన రాజుల కొలువులో పనిచేసినవారి శాసనాలు మిగిలినవి గాని ఉత్తరాలు మిగలలేదు. ఈయన ఉత్తరాలు మిగిలినవి. ఒక సేవకుడు ఏ రోజున ఏమి చెప్పినాడో తూచి చూచే అవకాశం ఇటువంటివారి విషయంలోనే దొరుకుతుంది. ఈయన పేరు ఆర్థర్ జాన్ బిగ్. తరువాతి కాలంలో స్టామ్‌ఫర్డ్‌హామ్ ప్రభువు అనిపించుకొన్నాడు. విక్టోరియా రాణికి, ఆమె మనుమడు అయిదవ జార్జికి ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నాడు. ఆ ఉద్యోగానికి మన తెలుగులో చక్కని మాట ఒకటి ఉండేది: రాయసం. శ్రీకృష్ణదేవరాయల కొలువులో రాయసం కొండమరుసు ఉండేవాడు. ఆయన గంటం పట్టినవాడే కాదు, సేనలు నడపినవాడు కూడ. కాబట్టి కత్తి నుండి గంటానికి వచ్చిన ఉద్యోగి మనకు కొత్త కాదు.

బిగ్ 1849 జూన్ 18న పుట్టినాడు. తండ్రి ఇంగ్లండు ఉత్తరపు కొసన నార్తంబర్లండు జిల్లాలో, స్టామ్‌ఫర్డ్‌హామ్ అనే పల్లెలో చర్చి అర్చకుడు. గొప్ప జమీందారీ వంశం కాదు. కుమారుడు ఊల్విచ్ సైనిక విద్యాలయంలో చదివి 1869లో ఫిరంగిదళంలో లెఫ్టినెంటుగా చేరినాడు. పది సంవత్సరాలు మామూలు సైనికోద్యోగం. ఆ తరువాత జూలూ యుద్ధం వచ్చినది.

దక్షిణాఫ్రికాలో జూలూ జాతివారు తమ దేశాన్ని తామే పాలించుకొంటున్నారు. 1879 జనవరిలో ఇంగ్లీషు సేన ఆ దేశంలోకి చొరబడినది. జనవరి 22న ఇసాండ్ల్వానా అనే కొండ దగ్గర జూలూ వీరులు ఆ సేనలో ఒక భాగాన్ని తుడిచిపెట్టినారు. ఇంగ్లీషు పక్షాన 1,300 మందికి పైగా మరణించినారు. మార్చి 29న కంబూలా దగ్గర మరల యుద్ధం. ఇంగ్లీషువారు సుమారు 2,000, జూలూలు సుమారు 20,000. ఆరు చిన్న ఫిరంగులలో నాలుగు కోటగోడకు వెలుపల, మరుగు లేని చోట నిలిచినవి. వాటి దగ్గర నిలిచి పనిచేయించిన అధికారులలో బిగ్ ఒకడు. ఆ రోజున ఇంగ్లీషువారు గెలిచినారు. ఎవరి నేలపై ఎవరు ఎందుకు గెలిచినారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఆ లెఫ్టినెంటు మనస్సులో మెదలినట్లు కనబడదు.

బిగ్ రాజగృహ ప్రవేశానికి యుద్ధం కాదు, ఒక మరణం కారణమైనది. ఫ్రాన్సు సింహాసనం పోగొట్టుకొన్న మూడవ నెపోలియన్ చక్రవర్తి ఇంగ్లండులో తలదాచుకొని 1873లో మరణించినాడు. ఆయనకు ఒక్కడే కుమారుడు. ఆ రాకుమారుడు కూడ ఊల్విచ్‌లోనే చదివినాడు. ఫిరంగిదళంలో బిగ్‌కు మిత్రుడైనాడు. యుద్ధం చూడవలెనన్న ఉబలాటంతో జూలూ దేశానికి వెళ్లినాడు. 1879 జూన్ 1న చిన్న దళంతో దారి పరిశీలించడానికి పోగా జూలూలు మీదపడినారు. తోడు వచ్చినవారు గుర్రాలెక్కి పారిపోయినారు. ఈయన జీను పట్టీ తెగి గుర్రం జారిపోయినది. ఒంటరిగా నిలిచి పోరాడి కూలినాడు. గాయాలన్నీ శరీరానికి ముందువైపునే ఉన్నవని చెబుతారు. అప్పటికి ఆయన వయస్సు 23.

మరుసటి ఏడు తల్లి యూజెనీ మహారాణి కుమారుడు పడిన చోటును చూడడానికి ఆఫ్రికాకు ప్రయాణమైనది. వెంట వెళ్లిన కొద్దిమందిలో బిగ్ ఉన్నాడు. సంవత్సరీకం నాటి రాత్రి ఆ తల్లి ఆ బయలులో దీపాల మధ్య తెల్లవార్లు కూర్చుండినది. మన దేశంలో కుమారుని అస్థులు పట్టుకొని కాశికో రామేశ్వరానికో బయలుదేరిన తల్లిని చూచినవారికి ఈ దృశ్యం వర్ణించి చెప్పనక్కరలేదు. విక్టోరియా రాణి యూజెనీకి ఆప్తురాలు. రాకుమారుని గూర్చి తెలిసిన ఈ యువసైనికుడు ఆ విధంగా ఆమె దృష్టికి వచ్చినాడు. దుఃఖంలో ఉన్నవారితో ఎట్లా మాట్లాడవలెనో ఇతనికి తెలుసునని రాణి గ్రహించినది. ఆమె అప్పటికే 18 సంవత్సరాలుగా వైధవ్యంలో ఉన్నది. 1880లో బిగ్‌ను తన పరివారంలోకి తీసికొన్నది. ఆంతరంగిక కార్యదర్శికి సహాయకుడు అతని పదవి. మరుసటి ఏడు ‘ఈక్వెరీ’ అన్న బిరుదు ఇచ్చినది. ఆ మాటకు మూలం గుర్రపుసాల. మన నకులుడు విరాటుని ఇంట చేసిన పని అన్నమాట. ఇప్పుడది రాజు వెన్నంటి నడిచే అనుచరుని పదవి. బిగ్ తన కూతురికి విక్టోరియా యూజెనీ అని ఇద్దరు రాణుల పేరు పెట్టుకొన్నాడు. ఈ కూతురు పేరు కొంచెం గుర్తుంచుకొనండి.

అప్పుడు పెద్ద కార్యదర్శి సర్ హెన్రీ పాన్సన్‌బీ. ఆయన కూడ సైనికుడే. క్రిమియా యుద్ధానికి వెళ్లివచ్చి, 1870 నుండి ఆ పని చేస్తున్నాడు. ఆయన కింద 15 సంవత్సరాలు బిగ్ శిష్యరికం చేసినాడు. రాణి లండనులో ఉండడం తక్కువ. ఏడాదిలో చాలా నెలలు స్కాట్లండులోని బాల్మోరల్‌లోనో, సముద్రం నడుమ ద్వీపంలో ఉన్న ఆస్బర్న్‌లోనో గడిపేది. బాల్మోరల్ నుండి లండనుకు సుమారు 500 మైళ్లు. మంత్రులు లండనులో, రాణి అక్కడ. నడుమ అంతా ఉత్తరాల మీదనే నడవవలె. ఒకే ఇంట్లో పై అంతస్తులో ఉన్నా పరివారానికి చీటీల మీదనే ఆజ్ఞలు పంపడం ఆమెకు అలవాటు. ఆమె కోపంతో రాసిన మాటను కోపం తగ్గించి, అర్థం తగ్గించకుండా మంత్రికి చేర్చవలె. మంత్రి విసుగుతో చెప్పిన దానిని విసుగు కనబడకుండా ఆమెకు చేర్చవలె. సైనికులనే ఈ పనికి ఎందుకు ఎంచుకొన్నారని నేను చాలాసార్లు ఆలోచించినాను. శౌర్యం కోసం కాదు. చెప్పిన వేళకు చెప్పిన చోట ఉండడం, నోరు కట్టుకోవడం, పై అధికారి తప్పుగా మాట్లాడినప్పుడు కూడ ముఖం మారకుండా వినడం, ఈ మూడూ సైన్యంలో అలవడినట్లు మరెక్కడా అలవడవు.

ఐతే ఆ ఇంటిలో మచ్చలేని కాలమేమీ కాదు అది. 1887లో ఆగ్రా నుండి అబ్దుల్ కరీం అనే 24 ఏండ్ల యువకుడు భోజనశాలలో వడ్డనకు వచ్చినాడు. కొద్దికాలానికే రాణికి హిందూస్తానీ నేర్పే మున్షీ అయినాడు. ఆమె అరువది ఏండ్లు దాటిన తరువాత పలక పట్టి అక్షరాలు దిద్దినది. మున్షీకి కొంత డాంబికం ఉన్నమాట నిజమే కావచ్చు. కాని పరివారంలోని దొరలకు అసలు బాధ ఆ డాంబికం కాదు. ఒక భారతీయుడు, అందులోను సామాన్యుడు, తమ పంక్తిలో కూర్చుండడం వారికి సహించలేదు. 1897లో రాణి దక్షిణ ఫ్రాన్సు యాత్రకు మున్షీని వెంట తీసికొని వెళ్తానంటే, అట్లయితే తాము రాజీనామా చేస్తామని పరివారం బెదిరించినది. బిగ్ కూడ ఆ పక్షమే. రాణి బల్లమీది వస్తువులన్నీ ఒక్క వేటున కింద పడదోసి, మున్షీని తీసికొనే వెళ్లినది. ఆమె పోయిన తరువాత ఆ మున్షీ దగ్గర ఉన్న ఉత్తరాలను కొత్త రాజు తగులబెట్టించినాడు. అంతవరకు జీవితంలో ఎన్నడూ రాణిని అంతగా ఎదిరించని ఆ పరివారం ఎదిరించడానికి ఎంచుకొన్న విషయం ఇది. హితం చెప్పడం వేరు, అసూయకు హితమన్న పేరు పెట్టడం వేరు. కొలువులో ఉన్నవానికి ఈ భేదం అన్నిటికంటె ఆలస్యంగా తెలుస్తుంది.

1895లో పాన్సన్‌బీ పక్షవాతంతో పడిపోగా బిగ్ పెద్ద కార్యదర్శి అయినాడు. 1901 జనవరి 22న రాణి మరణించినది. కొత్త రాజు ఏడవ ఎడ్వర్డుకు తన కార్యదర్శి తనకు ఉన్నాడు. 51 ఏండ్ల వయస్సున బిగ్ పదవి దిగి, రాజు కుమారుడైన జార్జి దగ్గర చేరినాడు. లోకం దృష్టిలో ఇది దిగుడే. నిజానికి ఆయన చేసిన పెద్ద పని ఇక్కడనే మొదలైనది.

జార్జి రెండవ కుమారుడు. అన్న చనిపోయేవరకు రాజ్యం తనకు వస్తుందని అనుకొన్నవాడు కాదు. నౌకాదళంలో పెరిగినాడు. చదువు తక్కువ, కోపం ఎక్కువ, నలుగురిలో మాట్లాడడం అంటే భయం. అటువంటివానికి చరిత్ర, రాజ్యాంగం, ఉత్తరం రాసే పద్ధతి, ఉపన్యాసం చెప్పే పద్ధతి నేర్పినవాడు బిగ్. నీవు చేసినది బాగులేదని రాకుమారునికి ముఖం మీద చెప్పగలిగిన కొద్దిమందిలో ఆయన ఒకడు. తనకు రాజుగా ఉండడం నేర్పినవాడు ఈయనే అని జార్జి తరువాత చెప్పుకొన్నాడు. శిష్యుడు రాజై ఉండి ఆ మాట అనడం గురువుకు బిరుదు కంటె ఎక్కువ.

1905 నవంబరులో రాకుమార దంపతులు మన దేశానికి వచ్చినారు. బిగ్ వెంట ఉన్నాడు. బొంబాయిలో దిగి, మద్రాసు, మైసూరు, హైదరాబాదు చూచి, 1906 మార్చిలో కరాచీలో ఓడ ఎక్కినారు. కర్జన్ ప్రభువు వంగదేశాన్ని రెండు ముక్కలు చేసిన రోజులవి. వందేమాతరం ధ్వని అప్పుడే లేస్తున్నది. తిరిగి వెళ్లిన తరువాత రాకుమారుడు లండనులో చేసిన ఉపన్యాసంలో, భారతదేశాన్ని పాలించేవారికి ఇంకా కొంత సానుభూతి ఉండవలెనని చెప్పినాడు. 1910లో ఆయన రాజైనాడు. 1911లో బిగ్‌కు తండ్రి అర్చకత్వం చేసిన ఊరి పేరు మీదనే స్టామ్‌ఫర్డ్‌హామ్ ప్రభువు అన్న పదవి వచ్చినది. ఆ సంవత్సరమే డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు. రాజధాని కలకత్తా నుండి ఢిల్లీకి మారుతుందని, వంగ విభజన రద్దవుతుందని రాజు స్వయంగా ప్రకటించేవరకు ఈ దేశంలో ఆ మాట తెలిసినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. రాజుతో వచ్చిన పరివారంలో స్టామ్‌ఫర్డ్‌హామ్ కూడ ఉన్నాడు. లోపలి మాట వెలుపల పొక్కనీయరాదన్న ధౌమ్యుని వాక్యానికి అంతకంటె పెద్ద ఉదాహరణ ఆధునిక కాలంలో నాకు కనబడదు.

1910లో జరిగిన మరొక సంగతి చెప్పకతప్పదు. ప్రజలు ఎన్నుకొన్న సభకు, ప్రభువుల సభకు తగవు వచ్చినది. ప్రభువులు లొంగకపోతే వందలకొద్ది కొత్త ప్రభువులను సృష్టించి సభను ముంచెత్తడానికి ముందుగానే మాట ఇవ్వవలసిందని ప్రధాని ఆస్క్విత్ రాజును అడిగినాడు. ఆ సమయంలో రాజుకు ఇద్దరు కార్యదర్శులు. తండ్రి దగ్గర నుండి వచ్చిన నాలిస్ ఇమ్మన్నాడు. బిగ్ వద్దన్నాడు. రాజు మొదటివాని మాట విని నవంబరులో ఒప్పుకొన్నాడు. ఇంకొక పక్షంవారు ప్రభుత్వం నడపడానికి సిద్ధంగా ఉన్నారన్న ముఖ్య సమాచారాన్ని నాలిస్ తనకు చెప్పలేదని రాజుకు మూడేండ్ల తరువాత తెలిసినది. ఎవరి సలహా మంచిదన్నది రాజనీతిజ్ఞులు తేల్చవలె. నా మట్టుకు నాకు నాలిస్ సలహాయే దేశానికి మేలు చేసినదనిపిస్తుంది. కాని మంచి సలహా ఇచ్చినవాడు రాజుకు తెలియవలసినది దాచినాడు. రాజు వద్దకు పోయే కాగితాన్ని ఆపగలిగినవాడు రాజు కంటె పెద్దవాడైపోతాడు.

యుద్ధం వచ్చినది. 1915లో స్టామ్‌ఫర్డ్‌హామ్ ఒక్కగానొక్క కుమారుడు ఫ్రాన్సు రణభూమిలో చనిపోయినాడు. పరుల కుమారుని మృత్యుస్థలానికి దారి చూపిన వృత్తాంతంతో రాజగృహంలోకి వచ్చినవానికి ఇప్పుడు ఆ గతి తనకే పట్టినది. ఆయన పని మానలేదు. అప్పుడు రాజవంశానికి ఉన్నది జర్మను పేరు. జర్మను విమానాలు లండను మీద బాంబులు వేస్తుంటే ప్రజలు రాజును కూడ అనుమానించసాగినారు. కొత్త పేరు కోసం పెద్దలు ఎన్నెన్నో వెదకినారు. ‘విండ్సర్’ అని సూచించినవాడు స్టామ్‌ఫర్డ్‌హామ్. 1917 జూలై 17న ఆ పేరు ప్రకటితమైనది. నేటికీ ఆ వంశానికి అదే పేరు.

తరువాతి సంవత్సరాలలో ఆయన చేసిన పనులలో రెండు చెబుతాను. 1923 మే నెలలో ప్రధాని బోనర్ లా జబ్బుపడి పదవి వదలినాడు. తరువాతివాడు కర్జనా, బాల్డ్విన్నా అన్నది ప్రశ్న. మన దేశాన్ని ఏడేండ్లు ఏలిపోయిన ఆ కర్జనే. పల్లెలో ఉన్న ఆయనకు స్టామ్‌ఫర్డ్‌హామ్ తంతి పంపినాడు. తనకే పదవి అనుకొని కర్జన్ దారి పొడుగునా మంత్రివర్గాన్ని ఊహించుకొంటూ లండను చేరినాడట. మే 22 మధ్యాహ్నం స్టామ్‌ఫర్డ్‌హామ్ ఆయన ఇంటికి స్వయంగా వెళ్లి, ప్రధాని ప్రజల సభలో ఉండవలసిన కాలం ఇది కనుక రాజు మరొకరిని ఎంచుకొన్నాడని చెప్పినాడు. కర్జన్ కన్నీరు పెట్టుకొన్నాడు. ఆ వేళకే బాల్డ్విన్ రాజభవనంలో ఉన్నాడు. అప్రియమైన మాటను ఉత్తరంలో పంపవచ్చు, కింది ఉద్యోగితో చెప్పించవచ్చు. 73 ఏండ్ల వృద్ధుడు తానే వెళ్లి, ఎదుట కూర్చుండి చెప్పినాడు. ఇది నాకు నచ్చిన విషయం.

రెండవది చిన్నది. 1924లో తొలిసారిగా కార్మికపక్షం ప్రభుత్వం ఏర్పరచినది. గనులలో, కర్మాగారాలలో పనిచేసి పైకి వచ్చినవారు మంత్రులైనారు. రాజదర్బారుకు జరీ దుస్తులు కావలె. కొనే స్తోమత వారికి లేదు. స్టామ్‌ఫర్డ్‌హామ్ వారికి ఉత్తరం రాసి, లండనులో ఒక బట్టల దుకాణంలో 30 పౌన్లకు పూర్తి దుస్తులు సిద్ధంగా దొరుకుతవని తెలియజేసినాడు. మున్షీతో పంక్తిభోజనానికి ఒప్పుకోని ఆ పరివారంలోని మనిషే ఇతడు. పాతికేండ్లలో కొంత నేర్చుకొన్నాడన్న మాట.

1931 మార్చి 31న, 81 ఏండ్ల వయస్సున, పదవిలో ఉండగానే ఆయన మరణించినాడు. వారసుడైన కుమారుడు లేకపోవడంతో ప్రభువు పదవి ఆయనతోనే అంతరించినది. తరువాత కార్యదర్శి అయిన వైగ్రమ్ కూడ సైనికుడే, బెంగాల్ అశ్వదళంలో పనిచేసినవాడు. గుర్తుంచుకొనమన్న కూతురు ఉన్నది కదా, ఆమె కుమారుడు మైకేల్ అడీన్. అతడు కూడ సైన్యంలో పనిచేసి రాజగృహానికి వచ్చినాడు. 1953 నుండి 1972 వరకు ఎలిజబెత్ రాణికి ఆంతరంగిక కార్యదర్శి. తాత కూర్చున్న పీఠంలో మనుమడు కూర్చున్నాడు.

ఇంతవరకు చెప్పినది అందరికీ తెలిసిన చరిత్ర. 1980ల దాకా పూర్తిగా బయటపడని సంగతి ఒకటి ఉన్నది. ఈ పాఠానికి ఈయనను ఎంచుకొనడానికి కారణం అదే.

1917 మార్చిలో రష్యాలో విప్లవం వచ్చి జారు చక్రవర్తి నికొలాస్ సింహాసనం వదలుకొన్నాడు. ఆయనా జార్జి రాజూ అక్కచెల్లెండ్ర కుమారులు. చూచినవారు పోల్చుకోలేనంతగా ఒకే పోలిక. నికొలాస్‌కు భార్య, నలుగురు కుమార్తెలు, జబ్బుమనిషి అయిన కుమారుడు. ఇంగ్లండు వారికి ఆశ్రయం ఇస్తుందా అని రష్యా తాత్కాలిక ప్రభుత్వమే అడిగినది. మార్చి 22న లండనులో ప్రధాని లాయిడ్ జార్జి, బోనర్ లా, ఒకప్పుడు మన వైస్రాయి అయిన హార్డింజి, స్టామ్‌ఫర్డ్‌హామ్ సమావేశమైనారు. ఆశ్రయం ఇస్తామని జవాబు పంపినారు. వారం తిరగక ముందే రాజుకు సందేహం పుట్టినది. జారు అంటే ఇంగ్లండు కార్మికులకు నిరంకుశుడు. ఆయన భార్య జర్మను ఆడబడుచు. వారిని తెచ్చి ఇంట పెట్టుకొంటే ఆ నిప్పు తన సింహాసనానికి అంటుకొంటుందేమో. మార్చి 30న స్టామ్‌ఫర్డ్‌హామ్ విదేశాంగమంత్రి బాల్ఫర్‌కు ఉత్తరం రాసి రాజు సందేహం తెలియజేసినాడు. ఇచ్చిన మాట వెనుకకు తీసికొనలేమని బాల్ఫర్ జవాబు. ఏప్రిల్ 6న ఒకే రోజున రెండు ఉత్తరాలు రాసినాడు. అన్ని తరగతుల ప్రజల నుండి రాజుకు వ్యతిరేకంగా ఉత్తరాలు వస్తున్నవని, ఈ ఆహ్వానం నుండి తప్పుకొనే దారి చూడవలెనని వాటి సారాంశం. ఏప్రిల్ 10న తానే వెళ్లి ప్రధానితో చెప్పినాడు. ఆహ్వానం మూలపడినది. ఆ నిందను చాలా ఏండ్లు ప్రధాని లాయిడ్ జార్జి మోసినాడు. రాజు పేరు బయటికి రాలేదు. 1983లో వెలువడిన జార్జి రాజు జీవితచరిత్రలో ఆ ఉత్తరాల కథ వెల్లడియైనది.

ఆహ్వానం నిలిచి ఉన్నా జారు కుటుంబం బ్రతికేదా అంటే చెప్పలేము. పెట్రోగ్రాడులోని కార్మిక సంఘం వారిని దేశం దాటనిచ్చేది కాదన్న వాదం ఉన్నది. ఆ వాదం బలమైనదే. కాని తలుపు తీసి ఉంచినవాడు, అతిథి రాలేకపోయినాడని చెప్పడం వేరు. తలుపు మూసినవాడు, ఎట్లాగూ రాలేకపోయేవాడని చెప్పడం వేరు.

యుద్ధకాండలో విభీషణుడు ఆకాశంలో నిలిచి శరణు అడిగినప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు. శత్రువు తమ్ముడు, ఏ మాయ ఉన్నదో అన్నాడు. ఆ మాట దురుద్దేశంతో అన్నది కాదు. రాముని మీది ప్రేమతో అన్నది. స్టామ్‌ఫర్డ్‌హామ్ ప్రేమ కూడ అటువంటిదే. వారు వస్తే తన రాజుకు ముప్పు, అందువలన రాకూడదు. ముప్పు ఊహామాత్రం కూడ కాదు. ఆ యుద్ధం ముగిసేసరికి యూరపులో ఎన్నో సింహాసనాలు కూలినవి, ఇంగ్లండు సింహాసనం నిలిచినది. కొలువు ధర్మం ఒక్కటే కొలమానమైతే ఆయన పూర్తిగా నెగ్గినాడు. ఐతే అక్కడ శరణు ఇచ్చేవాడు రాముడు. వేటగానికి తన మాంసమిచ్చిన పావురం కథ చెప్పి సుగ్రీవుని ఒప్పించినాడు. ఇక్కడ భయం రాజుదే. సేవకుడు ఆ భయాన్ని తీర్చలేదు, దానికి మాటలు కూర్చి ఇచ్చినాడు. ఇన్నేండ్లు శిష్యునికి ముఖం మీద నిజం చెప్పినవాడు ఆ రెండు వారాలలో ఒక్క పూటైనా, మాట ఇచ్చినాము కదా ప్రభూ, అని ఉండవలసినది. అన్నట్లు దాఖలా లేదు. ప్రియం కంటె హితం చెప్పవలెనన్న ధౌమ్యుని సూత్రంలో హితమంటే రాజ్యం నిలవడమా, రాజు మాట నిలవడమా? పెద్దలు ఈ ప్రశ్నకు రెండు విధాలుగానూ జవాబు చెప్పినారు. నేను రెండవ పక్షం.

1918 జూలై 17న, విండ్సర్ పేరు పెట్టుకొన్న నాటికి సరిగా ఏడాది నిండిన రోజున, యెకటెరిన్‌బర్గు అనే ఊరిలో ఒక ఇంటి నేలమాళిగలో నికొలాస్‌ను, భార్యను, అయిదుగురు పిల్లలను, వెంట మిగిలిన నలుగురు సేవకులను కాల్చిచంపినారు. చివరివరకు ప్రభువును వదలని ఆ నలుగురిలో ఒకడు వైద్యుడు, ఒకడు వంటవాడు, ఒకడు పరిచారకుడు, ఒకతె పనికత్తె. వారం తరువాత లండనులోని రష్యను చర్చిలో జరిగిన ప్రార్థనకు రాజదంపతులు హాజరైనారు. ఆ రోజులలోనే స్టామ్‌ఫర్డ్‌హామ్ తన మిత్రుడైన ఒక ప్రభువుకు ఉత్తరం రాసినాడు. ఇంత క్రూరమైన హత్య జరిగితే దేశంలో ఎవరికీ చీమ కుట్టినట్లైనా లేదని అందులో వాపోయినాడు.